కానుక సంచిలో సిపాయి బిళ్ళ

మొదటిది ఏదైనా దేవుడిదే అని మా నాన్న నేర్పిన మాటను అక్షరాలా పాటించిన వయసు ఒకటి నాకూ ఉండేది. పెరట్లో మొదటి కాపు వంకాయ, మా కోడి పెట్టిన మొదటి గుడ్డు, నేను మొదటిసారి కుట్టిన జాకెట్టుకు వచ్చిన కూలి, అన్నీ ఇంట్లో ఆగకుండా నేరుగా చర్చికి వెళ్ళిపోయేవి. (ఒకసారి మొదటి చిలగడదుంప కూడా పట్టుకెళ్తే, పాస్టరమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఉడకబెట్టి ఇద్దామా, ఇలాగే ఇద్దామా అమ్మా?" అని అడిగారు.) చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. నాన్నే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, లెక్కలు చెప్పారు, కీర్తనలు కంఠతా పట్టించారు. బడిలో తోటిపిల్లల దగ్గర నేర్చుకునే గడుసుతనం మాత్రం ఆయన చెప్పలేకపోయారు. ఎందుకంటే అది ఆయనకే లేదు. ఆ చదువుతో, ఆ అమాయకత్వంతో నేను సౌదీలో, ఖమీస్ ముషైత్‌ అనే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రికి వార్డు హెల్పరుగా వెళ్ళాను. అక్కడ అప్పటికే నర్సుగా చేస్తున్న మా పిన్ని కూతురు, మా అక్క, నన్ను పిలిపించుకుంది. ఊరు కొండల మీద ఉంటుంది, చల్లగా ఉంటుంది, నీ ఆయాసానికి మంచిది అని చెప్పింది. నిజంగానే అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా నాకు ఊపిరి అందని రాత్రి రాలేదు. ఆ గాలికి ఇప్పటికీ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటాను.

నా పని భోజనం ట్రేలు అందించడం, దుప్పట్లు మార్చడం, నడవలేని వాళ్ళకు చెయ్యి అందని వస్తువులు అందించడం. మా వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. సైన్యంలో హవల్దారులాంటి ఉద్యోగం చేసి ఎప్పుడో రిటైరైన మనిషి. షుగరు వల్ల కాలి వేళ్ళకు పుండు పడి వచ్చాడు. అక్కడ పెద్దవయసు పేషంట్లందరినీ మేము 'బాబా' అనే పిలిచేవాళ్ళం. ఈయన మీసాలు తెల్లగా, రెండు వైపులా పైకి తిరిగి, ఆసుపత్రి గౌనులో కూడా యూనిఫాం వేసుకున్నట్టే కనబడేవి కాబట్టి మాలో మేము 'మీసాల బాబా' అనుకునేవాళ్ళం. పూర్వం పాకిస్తానీలతో కలిసి పనిచేశాడట, అందుకని సగం అరబ్బీ, సగం ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. నాకు అరబ్బీ రాదు, ఉర్దూ అంతంత మాత్రం. కాబట్టి మా మాటల్లో సగానికి సగం ఆయన మీసాలే చెప్పేవి. కోపమైతే కిందికి, సంతోషమైతే పైకి.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆయన మంచం దుప్పట్లు మార్చి, పాతవి మూటగట్టి లాండ్రీకి పంపేశాను. అంతే, కాసేపటికి వార్డంతా గోల. దిండు కింద పెట్టుకున్న నాణెం పోయిందని బాబా మంచం మీద లేచి కూర్చుని, మీసాలు కిందికి వాలిపోయి, అందరి మీదా కేకలు వేస్తున్నాడు. పిసినారి ముసలాయన అనుకున్నాను మనసులో (దేవుడు క్షమించుగాక). ఒక్క నాణెం కోసం ఇంత రాద్ధాంతమా అని. అయినా పొరపాటు నాదే కాబట్టి, కింది అంతస్తుకు వెళ్ళి, ఉతకడానికి పోసిన దుప్పట్ల గుట్టలో ఒక్కొక్కటీ దులిపి దులిపి చివరికి దొరికించుకొచ్చాను. పాత రూపాయి బిళ్ళకంటే పెద్దది, బరువైనది. ఒకవైపు ఖర్జూరం చెట్టు, దాని కింద రెండు కత్తులు. రెండోవైపు విచ్చుకున్న రెక్కలు. తెచ్చి ఇస్తే ఆయన దాన్ని గుప్పిట్లో మూసుకుని గుండెకు హత్తుకున్నాడు.

మర్నాడు నేను భోజనం ట్రే పెట్టినప్పుడు, బాబా తన సంచీలోంచి అచ్చం అలాంటిదే ఇంకో బిళ్ళ తీశాడు. నా వైపు చెయ్యి చాపబోయి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, దాన్ని మెల్లగా ట్రే మీద, పెరుగు గిన్నె పక్కన పెట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నాకు సెల్యూట్ కొట్టాడు. ఏదో పొడుగ్గా చెప్పాడు. అందులో 'బింతి', అంటే నా కూతురా, అన్న ఒక్క మాటే నాకు అర్థమైంది. సిగ్గుపడిపోయి, షుక్రాన్ బాబా, అని బిళ్ళ తీసుకుని వచ్చేశాను. ఆ దేశంలో ఒకరు సంతోషించి నాకు ఇచ్చిన మొదటి డబ్బు అది. మొదటిది ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మా గదిలో తలుపు వేసుకుని, గొంతులు తగ్గించి నలుగురు నర్సమ్మలు ప్రార్థన చేసుకున్నప్పుడు, కానుక సంచి నా దగ్గరికి రాగానే కళ్ళు మూసుకుని ఆ బిళ్ళ అందులో వేసేశాను. లోపల టంగుమని పెద్ద చప్పుడైంది. అందరూ కళ్ళు తెరిచి నన్ను చూశారు. నాకు మహా గర్వంగా అనిపించింది.

తర్వాత వారం బాబాను చూడడానికి ఆయన పాత స్నేహితులు ముగ్గురు వచ్చారు. అందరూ ఆయన వయసువాళ్ళే, అందరివీ మీసాలే. నేను వాళ్ళకోసం టీ ట్రే పట్టుకుని వార్డులోకి అడుగుపెడుతున్నాను. అప్పుడు బాబా దిండు కింద చెయ్యి పెట్టి బిళ్ళ తీసి, పక్కనున్న బల్ల మీద ఠపీమని కొట్టాడు. వెంటనే మిగతా ముగ్గురూ జేబుల్లోంచి తలో బిళ్ళా తీసి ఠప్, ఠప్, ఠప్ మని కొట్టారు. ముసలాళ్ళు పిల్లల్లా ఆడుకుంటున్నారే అని నేను నవ్వుకునేలోగా, నాలుగు జతల మీసాలూ ఒక్కసారిగా నావైపు తిరిగాయి. బాబా తన వేలితో బల్ల మీద తట్టి, నా జేబు వైపు చూపించి, కనుబొమలు ఎగరేశాడు.

ఆ ముగ్గురిలో ఉర్దూ బాగా వచ్చినాయన నాకు విడమరచి చెప్పాడు. అది డబ్బు కాదు. తమ దళం వాళ్ళ గుర్తు. అమెరికా సిపాయిల దగ్గర చూసి నేర్చుకున్న ఆచారం. చేతిలో చెయ్యి కలిపి ఇస్తారు, తీసుకున్నవాడు చచ్చేదాకా దాన్ని వెంట ఉంచుకోవాలి. ఎవరైనా ఎప్పుడైనా బిళ్ళ కొడితే మిగతావాళ్ళు అక్కడికక్కడ తమ బిళ్ళ చూపించాలి. చూపించలేనివాడు అందరికీ తాగడానికి పోయించాలి. (వేరే దేశాల్లో ఏం పోయిస్తారో ఆయన చెప్పలేదు, ఇక్కడ మాత్రం టీ.) ఆడపిల్ల చెయ్యి పట్టుకోకూడదు కాబట్టి బాబా నాకు పెరుగు గిన్నె పక్కన పెట్టి ఇచ్చాడట. దుప్పట్ల గుట్ట తవ్వి తన బిళ్ళ వెతికి తెచ్చినందుకు నన్ను తమ దళంలో చేర్చుకున్నాడట.

నేను జేబు తడిమాను. జేబులో ఉన్నవి రెండు సూదిమందు మూతలు, ఒక పిన్నీసు. ఏం చెయ్యాలో తోచక చేతిలో ఉన్న ట్రే అలాగే ముందుకు చాపాను. అంతే, నలుగురూ ఒకేసారి నవ్వారు. బిళ్ళ లేనివాళ్ళు టీ పోయించాలి కదా, ఈ పిల్ల ముందే టీ పట్టుకుని వచ్చింది, నియమం తెలిసిన సిపాయి అని మెచ్చుకుంటూ తాగారు. గదిలో మర్చిపోయావులే అని బాబా తనే నా తరపున చెప్పేశాడు. నేను ఖాళీ కప్పులు ఏరుకున్నాను. ఎక్కడుందో చెప్పాలంటే శుక్రవారం సంగతి చెప్పాలి. ఆ సంగతి ఆ ఊళ్ళో బయట మాట్లాడేది కాదు.

వాళ్ళు వెళ్ళాక అసలు విషయం బయటపడింది. డాక్టర్లు పుండు పడిన వేళ్ళు తీసేయాలని ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నారు. ఆలస్యం చేస్తే పాదమే పోతుందట. బాబా సంతకం పెట్టనంటే పెట్టనని కూర్చున్నాడు. కొడుకులు వచ్చి బతిమాలినా మీసాలు కిందికే. మత్తు ఇస్తే మళ్ళీ లేవనని ఆయన భయం. యుద్ధాలు చూసిన మనిషి మత్తుసూదికి భయపడతాడా అని అందరూ అనుకునేవాళ్ళు. ఊపిరి అందని రాత్రులు తెలిసిన నాకు మాత్రం అది వింతగా అనిపించలేదు. కళ్ళు మూస్తే మళ్ళీ తెరుస్తామో లేదో అన్న భయం ఎలాంటిదో నాకు తెలుసు. స్నేహితులు వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం బాబా నన్ను పిలిచి, తన ఉర్దూలో మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చెప్పాడు.

"ఆదివారం కోయించుకుంటాను, బింతి. కళ్ళు తెరవగానే బిళ్ళ కొడతాను. నువ్వు నీ బిళ్ళతో జవాబివ్వాలి. అప్పుడు తెలుస్తుంది నాకు, నేను బతికే ఉన్నానని, నా వాళ్ళలోనే ఉన్నానని."

ఆ మాట మీద సంతకం పెట్టాడు. డాక్టర్లు సంతోషించారు. వార్డంతా సంతోషించింది. నేను ఒక్కదాన్నే బాత్రూములోకి వెళ్ళి, గోడకానుకుని, ప్రభువా ఇప్పుడెలా అని నిలబడ్డాను.

గదికి వెళ్ళి అక్కకు చెప్పాను. కానుకలు పోగుచేసి, కష్టంలో ఉన్న మనవాళ్ళకు అందించేది అక్కే. విని తలపట్టుకుంది.

"అది డబ్బనుకుని వేశావా? నేనేమో అది ఏ దేశం డబ్బో తెలీక, మార్చి తెమ్మని ఏసీ అన్నకిచ్చాను కదే."

ఏసీ అన్న అంటే మా వార్డులో ఏసీలు బాగుచేసే జగిత్యాల వైపు ఆయన. తెలుగువాళ్ళం కాబట్టి మాకు అన్నయ్యాడు. మర్నాడు ఆయన నిచ్చెన వేసుకుని మా వార్డు పైకప్పులోకి తల దూర్చి ఉండగా కింద నిలబడి అడిగాను. పైనుంచి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. జవాబు కూడా ఆ కాళ్ళ దగ్గర నుంచే వచ్చింది.

"గా బిళ్ళనా చెల్లె? బజార్ల ఎవ్వరు తీస్కోలే. మా క్యాంపుల క్యారం స్ట్రైకర్ పోయింది, గందుకే దాన్నే స్ట్రైకర్ చేసినం. ఏం కొడ్తది చెల్లె, బుల్లెట్ తీర్గ."

నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నేను దేవుడికిచ్చిన మొదటి ఫలం, బాబా ప్రాణానికి గుర్తు, క్యారం బోర్డు మీద ఒంటికి రాసుకునే పౌడరులో పొర్లుతోంది. తిరిగి ఇచ్చెయ్యండన్నా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆయన కిందికి దిగి, చెమట తుడుచుకుని, తన ఇబ్బంది చెప్పాడు. పనివాళ్ళు ఉండే ఆ క్యాంపులో పోటీ నడుస్తోంది. ఆ స్ట్రైకరుతో ఆడినవాళ్ళే గెలుస్తున్నారని రెండు గదులవాళ్ళూ దానికోసమే కొట్లాడుకుంటున్నారు. శుక్రవారం ఫైనల్. మధ్యలో స్ట్రైకర్ మార్చితే ఊరుకునే మనుషులు కారు. "ఫైనల్ గాని చెల్లె, శనారం పొద్దున నీ చేతుల పెడ్త. నా మాట." అన్నాడు. నేను బజారుకు వెళ్తున్న ఒక నర్సమ్మను బతిమాలి అసలైన క్యారం స్ట్రైకర్ ఒకటి తెప్పించి, బదులుగా ఇమ్మని అన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "మంచిగనే ఉంది గని, ఆ దెబ్బ రాదు" అని పెదవి విరిచాడు.

ఇక మిగిలిన చిక్కు నా నమ్మకంలోనే ఉంది. దేవుడికి ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చా? అక్కను అడిగితే, "ఇచ్చేముందు ఆలోచించాలి ఇవన్నీ. పైవాడి దగ్గర వాపసు అడిగేదానివి మన వంశంలో నువ్వొక్కదానివే" అంది. అన్నదే గానీ, పాపం, రాత్రి భోజనాల దగ్గర తనే ఒక దారి చెప్పింది. అర్పించినదాన్ని విడిపించుకోవాలంటే దాని వెలకు అయిదో వంతు కలిపి ఇవ్వాలని బైబిలు ధర్మశాస్త్రంలో ఉందట. నాన్న కూడా చెప్పేవారు, నాకూ గుర్తొచ్చింది. ప్రాణం లేచొచ్చింది. కానీ వెంటనే మళ్ళీ కూలబడింది. దాని వెల ఎంత? బజార్లో ఎవ్వరూ తీసుకోని బిళ్ళకు వెల ఎక్కడిది? సున్నాకు అయిదో వంతు కలిపితే ఎంత అని నాన్న చెప్పిన లెక్కల్లో వెతుక్కున్నాను. (ఏ లెక్కలోనూ లేదు.) ఆలోచించి ఆలోచించి, వెల తెలియకపోతే బరువు తెలుస్తుంది కదా అనుకున్నాను.

శనివారం పొద్దున్నే ఏసీ అన్న మాట నిలబెట్టుకున్నాడు. బిళ్ళ ఒక టిష్యూ కాగితంలో చుట్టి ఉంది. రెక్కల మధ్యా, కత్తుల సందుల్లో తెల్లటి పొడి. ఫైనల్ ఎవరు గెలిచారని మర్యాదకు అడిగాను. ఆయన కాలరు సర్దుకున్నాడు. నేను బిళ్ళను సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రుద్ది కడిగాను. పొడి పోయింది గానీ వాసన పోలేదు. తర్వాత దాన్ని డైటు కిచెన్‌కు తీసుకెళ్ళి, షుగరు పేషంట్లకు అన్నం తూచే చిన్న త్రాసులో పెట్టాను. అక్కడి సుడానీ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. బరువు చూసుకుని, అయిదో వంతు కలుపుకుని, అంత బియ్యం తూచి, అరచేతిలో పోసుకుని చూస్తే సరిగ్గా ఒక గుప్పెడు. అక్కడే నిలబడి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఊళ్ళో అమ్మ పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు తీసి దేవుడి డబ్బాలో వేసేది అంతే, ఒక గుప్పెడు. ఇన్నాళ్ళూ మొదటి వంకాయలూ మొదటి చిలగడదుంపలూ మోసుకెళ్ళాను గానీ, దేవుడు రోజూ అడిగేది గుప్పెడేనని త్రాసు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఆ బియ్యానికి బదులు నా వాటా బియ్యం కిచెన్ డబ్బాలో పోసి, గుప్పెడూ కానుక సంచిలో వేశాను. ఈసారి చప్పుడు కాలేదు.

ఆదివారం పొద్దున బాబాను స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే ఆయన గుప్పిట బిగించి ఉంది. ఇటు చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను నా జేబు తట్టి చూపించాను. మీసాలు కొంచెం పైకి లేచాయి. తర్వాత నేను ఎన్ని ట్రేలు ఎవరికిచ్చానో, ఉప్పులేని భోజనం ఎవరికి వెళ్ళిందో, తీపి వద్దన్నవాళ్ళకు ఏం పెట్టానో నాకు తెలియదు. ఆ పూట నా వల్ల ఎవరికీ ఏమీ కాకుండా కాపాడినందుకు కూడా కృతజ్ఞురాలిని. మధ్యాహ్నం దాటాక తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మొహం పాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మీసాలు పైకీ లేవు, కిందికీ లేవు. అక్క బీపీ చూస్తోంది. నేను మంచం పక్కన జేబులో బిళ్ళ పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపటికో రెప్పలు కదిలాయి. కళ్ళు సగం తెరిచి ఎవరినీ గుర్తుపట్టనట్టు పైకప్పు వైపు చూశాడు. చెయ్యి దిండు కిందికి పోయింది. అక్కడ ఏమీ లేదు. పక్క మీద తడిమాడు. లేదు. ఆ ముసలి వేళ్ళు దుప్పటి మడతలన్నీ ఒక్కొక్కటీ వెతికాయి. ఆయన కళ్ళలో నేను ఎరిగిన ఆ పాత భయం కనబడింది.

అప్పుడిక ఎవరు ముందు కొట్టాలి, ఎవరు జవాబివ్వాలి అన్నది నేను చూడలేదు. నా బిళ్ళ తీసి మంచం ఇనుప కమ్మీ మీద ఠంగుమని కొట్టాను. అటు మూల పేషంటు కూడా ఉలిక్కిపడ్డాడు. బాబా తల నావైపు తిప్పి, బిళ్ళను చూసి, నన్ను చూసి, మళ్ళీ తన ఖాళీ చెయ్యి చూసుకున్నాడు. ఆయన బిళ్ళ ఏమైందంటే, ఆపరేషన్ గదిలోకి ఏ లోహమూ వెళ్ళకూడదని అక్క గుప్పిట విప్పించి తీసి, తన జేబులోనే దాచింది. ఇప్పుడు ఇవ్వవే అని నేను సైగ చేస్తుంటే, తాపీగా బీపీ రాసుకుంటోంది.

బాబాకు సంగతి అర్థమైంది. మత్తులోనే మీసాలు మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి, పైకి లేచాయి.

"షాయ్," అన్నాడు. టీ. "నేనే పోయిస్తాను."

తర్వాత ముక్కు ఎగబీల్చి, నా బిళ్ళ పౌడరు వాసన ఎందుకు వస్తోందని అడిగాడు. మా ఆడపిల్లలు ఇష్టమైన వస్తువులకు పౌడరు రాస్తారని అక్క చెప్పింది. ఆయన దాన్ని గౌరవంగా ఒప్పుకున్నాడు.

పుండు మానుతుండగా నడిపించడానికి వచ్చేవాళ్ళతో మళ్ళీ పేచీ మొదలైంది. నొప్పి, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం. ఒకరోజు పొద్దున నేను కౌంటరు దగ్గర ట్రేలు సర్దుకుంటుంటే వెనక టకటకమని చప్పుడు. తిరిగి చూస్తే బాబా. చేతుల్లో నాలుగు కాళ్ళ వాకరు, దాని ముందు కట్టిన బుట్టలో ప్లాస్టిక్ మూత పెట్టిన టీ కప్పు. కిటికీ పక్క నుంచి కౌంటరు దాకా, అడుగడుక్కీ ఆగుతూ, మొహమంతా చెమటతో, పక్కనెవరినీ చెయ్యి వేయనివ్వకుండా వచ్చాడు. కప్పు తీసి నా చేతికివ్వబోయి, ఆగి, కౌంటరు మీద పెట్టి, సెల్యూట్ కొట్టాడు. టీ సగం బుట్టలోనే ఒలికిపోయింది, మిగిలింది చల్లారిపోయింది. అంత మంచి టీ నేను మళ్ళీ తాగలేదు.

ఆ బిళ్ళ ఇప్పటికీ నా చేతిసంచీలోనే ఉంది. నేను తిరిగొచ్చి పెళ్ళి చేసుకుని ఇక్కడ స్థిరపడ్డాక, ఎప్పుడైనా సాయంత్రంపూట దాన్ని భోజనాల బల్ల మీద ఠపీమని కొడతాను. "నాకెవరిచ్చారు బిళ్ళ? ఇది అన్యాయం" అంటారు మా ఆయన, అంటూనే లేచి టీ పెడతారు. దగ్గరగా పెట్టుకుని చూస్తే పౌడరు వాసన ఇంకా ఉన్నట్టే ఉంటుంది, లేదా నేనే అనుకుంటానో. చర్చిలో కానుక సంచి నా వరుసకు వచ్చినప్పుడు మాత్రం, నా చేతిసంచీలో చెయ్యి పెట్టి ఏది బిళ్ళో ఏది నాణెమో వేళ్ళతో తడిమి, పైకి తీసి, ఒకసారి చూసుకుని మరీ వేస్తాను. జాగ్రత్త నేర్చుకున్నాను, మంచిదే. కానీ సంచి పక్కవాళ్ళ చేతికి వెళ్ళిపోయాక ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది. చేతికి మొదట ఏది వస్తే అది, చూసుకోకుండా, కళ్ళు మూసుకుని వేసేసి, టంగుమన్న చప్పుడుకి గర్వపడిన పిల్ల. పక్కవాళ్ళు చూస్తారని తల వంచుకుని నవ్వుకుంటాను.